దూది కూరిన చక్రం

మూడో మిగ్ యుద్ధవిమానం ఎడమ చక్రమంటే ఇంఫాలికి ఒళ్ళుమంట. ఎంతసేపు పంపు కొట్టినా అది సగమే లేస్తుంది. చేయి ఆపాడో లేదో, ఉస్సుమంటూ మళ్ళీ కూలబడుతుంది. వాల్వు మీద ఉమ్మి రాసి చూశాడు. బుడగలొచ్చాయి. "నీ బతుకు చెడ, ఈ ఒక్కపూట ఓర్చుకోలేవే?" అని దాన్ని తిట్టి, జేబులోంచి సబ్బుముక్క తీసి వేళ్ళ మధ్య నలిపి, ఆ సందులో కూరి, పైన గుడ్డపీలిక బిగించి కట్టాడు. మధ్యాహ్నం దాకా ఆగితే చాలు. ఆ తర్వాత అది కూలినా, కుళ్ళినా అడిగే నాథుడు లేడు.

ఆవేళ సైనిక దినోత్సవం. ఏడాదికి ఒక్కరోజు విమానాలన్నిటినీ ట్రాక్టర్లకు కట్టి అధ్యక్షుడి ముందు నుంచి లాక్కెళతారు. వారం నుంచీ సైనికులు వాటికి రంగులు పూస్తున్నారు. తుప్పు మీదే పూశారు. కాకిరెట్టల మీదే పూశారు. ఒకచోట బల్లి మీద కూడా పూసేసినట్టున్నారు. రెక్క కింద దాని ఆకారం తోకతో సహా పచ్చగా ఎండి అతుక్కుపోయి ఉంది. ఇంఫాలి గోటితో గీకబోయి, రోత పుట్టి వదిలేశాడు. పైన పటారం లోన లొటారం అంటారు. ఇక్కడ ఆ లొటారాన్ని కూడా ఎవడో ఎప్పుడో పాత ఇనుప సామానుల కొట్లో అమ్ముకున్నాడు.

అతడి ఉద్యోగం గాలి కొట్టడం. కాగితాల మీద ఆ ఉద్యోగానికి ఏదో పెద్ద పేరే ఉండేది గానీ, ఊళ్ళో అందరికీ తెలిసింది మాత్రం అతడు గాలి కొడతాడనే. నిలబెట్టిన విమానం చక్రాలు ఒకేవైపు అణిగి పగిలిపోకుండా వారానికోసారి వాటిని నలుగురి చేత తోయించి, మూర జరిపి, గాలి నింపాలి. చేపల బజారులో అతడి భార్య నీమాను తోటి ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. "ఏమే, మీ ఆయన వాయుసేనలో ఏం చేస్తాడే?" అని ఒకతె అడిగేది. "వాయువు వదులుతాడు" అని ఇంకొకతె అందుకునేది. నీమా కత్తితో చేపపొట్ట చీలుస్తూ, తల ఎత్తకుండానే, "వదిలేవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు, మా ఆయన కొడతాడంతే" అనేది. బజారంతా గొల్లుమనేది.

మనిషి పొడుగు, సన్నం. ఏళ్ళ తరబడి వంగి పంపు కొట్టి కొట్టి కుడిభుజం ఎడమదానికంటే బెత్తెడు కిందికి జారింది. అరచేతులు కాయలు కాచి, గీతలన్నీ చెరిగిపోయి, చెప్పు అడుగులా నున్నగా అయ్యాయి. మొన్న వానాకాలం నుంచి రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. నాలుగుసార్లు పంపు నొక్కితే ఆగి, విమానం పొట్టకు నుదురు ఆనించి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. అప్పుడు కూడా ఎవరైనా చూస్తున్నారేమో అని, చక్రాన్ని పరీక్షిస్తున్నట్టు దాని మీద చేత్తో తడుతుండేవాడు.

గేటు దగ్గర కాపలా ఫోడే బొగ్గుల కుంపటి మీద చిక్కటి టీ కాచి, చిన్న గ్లాసులో పట్టుకుని వచ్చాడు. ఫోడే ఇంటిపేరుకూ ఇంఫాలి ఇంటిపేరుకూ తాతల నాటి నుంచి పరాచికాల చుట్టరికం. ఎదురుపడితే తిట్టుకోవాలి. తిట్టుకోకపోతే పలకరించనట్టే. ఎన్ని తిట్టినా కోపం తెచ్చుకోకూడదు.

"ఏం బావా, నీ పెళ్ళాలందరికీ స్నానాలయ్యాయా?" అన్నాడు ఫోడే విమానాల వరస చూస్తూ.

"నీ ఇంటిపేరు వాళ్ళంతా మా తాత దగ్గర గాడిదలు కాసినవాళ్ళే. గ్లాసు అక్కడ పెట్టి అవతలికి పో."

"అలసందలు మెక్కి మెక్కి మీ వంశానికి పొట్టలో గాలి ఎక్కువ. అందుకే నీకీ ఉద్యోగం ఇచ్చారు."

ఇంఫాలి నవ్వబోతే దగ్గొచ్చింది. టీ ఒలికింది. ఫోడే అతడి వీపు నిమిరి, "ఆసుపత్రికి పొమ్మంటే పోవు కదా, మొండి పీనుగా" అన్నాడు. ఇది పరాచికం కాదని ఇద్దరికీ తెలుసు.

వరసలో మొదట నాలుగు మిగ్‌లు. అవి ఓడ దిగిన రోజున ఊరు ఊరంతా రేవుకు పరిగెత్తింది. ఇంఫాలికి అప్పుడు మీసాలు మొలుస్తున్నాయి. స్వాతంత్ర్యం కొత్త, జెండా కొత్త, విమానాలు కొత్త. అతడిని, మరికొందరిని సోవియట్ దేశంలో ఎక్కడో మంచుకొండల కింద ఉన్న ఊరికి పంపి, చక్రాల పని నేర్పించారు. తిరిగొచ్చాక మిగ్‌లు కొన్నేళ్ళు నిజంగానే ఎగిరాయి. అవి తలమీదుగా పోతుంటే కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని ఆడవాళ్ళు తిట్టేవాళ్ళు, మగపిల్లలు చొక్కాలిప్పి ఊపేవాళ్ళు. తర్వాత ఒకటి దిగుతూ దిగుతూ మడ అడవి బురదలో పడింది. దాన్ని నడిపినవాణ్ణి బయటికి తీసింది ఇంఫాలే. సగం కాలిన మనిషి. ఆ వాసన చాన్నాళ్ళు అతడి అన్నంలోంచి పోలేదు. ఆ తర్వాత రష్యావాళ్ళ దేశమే లేకుండా పోయింది, మిగ్‌లకు మేకు ఇచ్చేవాడు కూడా కరువయ్యాడు. అప్పటి నుంచి దోపిడీ మొదలైంది. రాగితీగలు పోయాయి. ఇంజను పళ్ళెరాలు పోయాయి. లోపలి తేలిక రేకులన్నీ బజారులో కరిగించి గిన్నెలు పోశారు. ఈ ఊళ్ళో సగం ఇళ్ళలో అన్నం ఉడుకుతున్నది విమానాల్లోనే. నీమా దగ్గర కూడా ఒక గిన్నె ఉంది. అందులో వండిన రోజు ఇంఫాలి తినడు.

మిగ్‌ల పక్కన హెలికాప్టరు. దీవుల్లో జబ్బుపడ్డవాళ్ళను తీసుకురావడానికని ఎవరో దానం చేశారు. ఒక్క రోగిని కూడా తేలేదు. పండగకు ఒక మంత్రిగారి అత్తగారింటికి పొట్టేళ్ళను మోసుకెళ్ళి, తిరుగుదారిలో వరిచేలో కూలబడింది. దాన్ని ఎడ్లతో లాక్కొచ్చారు. ఇప్పటికీ తలుపు తీస్తే పొట్టేళ్ళ ఉచ్చకంపు. దాని పక్కన రెండు ఇంజన్ల విమానం. సముద్రంలో దొంగ పడవల్ని కనిపెట్టాలని ఇచ్చారు దాన్ని. కర్నల్ ఆర్మాందు గారు దాంట్లో కోళ్ళు పెంచుతున్నారు. సీట్ల మీద రెట్ట అంగుళం మందాన పేరుకుంది. ఈ పూట మాత్రం కోళ్ళను గంపల కింద మూసి, కిటికీలకు నీలంరంగు కాగితాలు అంటించారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే, ఇంకేముంది!

ఎగరగలిగింది ఒక్కటే. షెడ్డులో ఉన్న చిన్న పసుపుపచ్చ విమానం, ముందర పంఖా ఉన్నది, కొత్తగా చేరిన పైలట్లకు చదువు చెప్పే బుల్లిది. దాన్ని చూడ్డానికి ఇంఫాలికి మనసు రాలేదు. రెండు నెలలుగా అటు వెళితే మొహం పక్కకు తిప్పుకుంటున్నాడు.

రెండు నెలల కిందట, జీడిపిక్కల కాలంలో, కర్నల్ ఒక బండి ఇరుసు పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. తెల్లగా ఇస్త్రీ చేసిన బట్టలు, సెంటు వాసన. "ఒరేయ్ ఇంఫాలీ, ఆ పసుపుదాని టైర్లు కొత్తవే కదరా? ఎగిరేది ఎలాగూ లేదు. నా బండికి సరిగ్గా సరిపోతాయి" అన్నాడు. కసిమీరు అనే కుర్ర లెఫ్టినెంటు ఒక్కడే దాన్ని నడిపేవాడు. అతడు అప్పుడు పొరుగుదేశంలో ఏదో శిక్షణలో ఉన్నాడు. అడ్డు చెప్పేవాళ్ళు లేరు. కొత్త టైర్లు కర్నల్ జీడిపిక్కల బండికి ఎక్కాయి. వాటి చోట చెత్తకుప్పలోంచి రెండు పాత టైర్లు ఎక్కించాలి. కుడిది గాలి పట్టింది. ఎడమది పిడికిలి దూరేంత చిల్లుతో ఉంది.

"దినోత్సవం నాడు నాలుగడుగులు దొర్లితే చాలు. గుండ్రంగా కనపడేట్టు చెయ్యి. ఎలా చేస్తావో నీ ఇష్టం" అన్నాడు కర్నల్.

చేశాడు. టైరు పక్కన కత్తితో గీత కోసి, బూరుగు దూది పిడికెళ్ళకొద్దీ లోపలికి తోసి, రోకలితో కుక్కి, మళ్ళీ తోసి, మళ్ళీ కుక్కాడు. తర్వాత గాలపుతాడుతో దగ్గర దగ్గరగా కుట్లు వేసి, పైన బూటుపాలిష్ పూశాడు. కుట్టు ఎక్కడుందో తడిమితే తప్ప తెలియదు. షెడ్డులో పనివాళ్ళు చూసి, "దీనికి నెల తప్పిందిరోయ్!" అని చప్పట్లు కొట్టారు. ఇంఫాలి కూడా నవ్వాడు. అంతేకాదు, ఆ రాత్రి ఇంట్లో నీమాకు చెప్పి గొప్పపడ్డాడు కూడా. ఇప్పుడు తలచుకుంటే ఆ గొప్పే గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటోంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికెళ్ళన్నీ తనవే.

ఎండెక్కేసరికి జనం వచ్చారు. బడిపిల్లలకు జెండాలు పంచారు. అధ్యక్షుడు, ఆయన పక్కన పొరుగుదేశపు సేనాధిపతి, వెనకాల మంత్రులు, నల్ల కోట్లు, మెడల్స్, విసనకర్రలు. ట్రాక్టర్లు కదిలాయి. మిగ్‌లు ఊగుతూ వెళ్ళాయి. మూడో మిగ్ సబ్బు మహిమతో గట్టున పడింది. హెలికాప్టరు వెళ్ళింది. రెండు ఇంజన్లది వెళుతుంటే లోపల ఎక్కడో దాక్కున్న కోడి ఒకటి కొక్కొరొక్కో అంది, వాద్యబృందం గబగబా డప్పుల మోత పెంచింది. చివర పసుపుపచ్చది. దాన్ని సైనికులు చేతులతో తోశారు. దాని లోపల, శిక్షణ ముగించుకుని వచ్చిన కసిమీరు పైలట్ బట్టల్లో నిటారుగా కూర్చుని సెల్యూట్ చేశాడు. అది వచ్చి, తోక వేదికవైపు తిప్పి, ఆగింది. ఎడమ చక్రం గుండ్రంగానే ఉంది. ఇంఫాలి పంపు భుజాన వేసుకుని, అమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడే ఆ పొరుగుదేశం పెద్దమనిషి మైకు దగ్గరికి వంగి, చిరునవ్వుతో అన్నాడు. "ఎంత చక్కగా నడుస్తున్నాయండీ మీ విమానాలు! ఎగరడం కూడా వచ్చా వాటికి?"

మైకు ఆన్‌లోనే ఉంది. మైదానమంతా వింది. ఎవరో కిసుక్కుమన్నారు. అధ్యక్షుడి మొహం కందిపోయింది. ఆయన కర్నల్‌వైపు వేలు చూపించి, "ఎగరనివ్వండి" అన్నాడు. జనం ఒక్కసారిగా "ఎగరాలి! ఎగరాలి!" అని అరవడం మొదలెట్టారు.

కర్నల్ మెట్లు దిగి వచ్చేసరికి ఇంఫాలి ఎదురెళ్ళాడు.

"అయ్యా, ఎడమ చక్రం..."

"తెలుసు."

"అందులో ఉన్నది దూదయ్యా. పరుగు అందుకుంటే చీలిపోతుంది. పిల్లవాడు చస్తాడు."

"తెలుసన్నానా! కూరమన్నది నేనేగా? ఇప్పుడు చక్రాలేవీ అంటే జీడిపిక్కల బండికి ఉన్నాయని చెప్పనా ఆయనకి? లేచేదాకా ఆగితే చాలు. దిగేటప్పటి సంగతి దిగేటప్పుడు చూద్దాం. నోరు మూసుకుని చక్రాల కింద చెక్కలు తియ్యి."

దిగేటప్పుడు చూద్దాం! అంత తెల్లటి బట్టలు, అంత మంచి సెంటు. ఆ నోట్లోంచి వచ్చే మాట చూడు. ఇంఫాలి తల పక్కకు తిప్పి ఉమ్మేశాడు. ఆ ఉమ్మి కర్నల్ బూటుకు జానెడు దూరంలో పడింది. ఇంతకాలంలో అతడు ఏ అధికారి ముందూ ఉమ్మలేదు.

విమానం దగ్గరికి వెళ్ళి, మెట్టు మీద కాలు పెట్టి కసిమీరు చెవిలో చెప్పాడు. "బాబూ, దిగు. ఎడమ చక్రంలో గాలి లేదు. దూది కూరాను. నేనే కూరాను. ఈ చేతులతో."

కసిమీరు మొదట నవ్వాడు. తర్వాత కిందికి దూకి చక్రాన్ని బూటుతో తన్నాడు. "రాయిలా ఉంది కదా తాతా!"

"అందుకే చెబుతున్నా. గాలి ఉన్న చక్రం రాయిలా ఉండదు నాయనా."

కుర్రవాడి మొహం మీద నవ్వు కొంచెం తగ్గింది. కర్నల్‌వైపు చూశాడు. కర్నల్ దూరం నుంచే, నలుగురికీ వినపడేలా అన్నాడు. "దూదిది పోయిన నెల్లోనే పీకేశాం కదరా! ముసలాడికి మతి పోయింది. పొద్దున్నే పట్టించినట్టున్నాడు."

ఇంఫాలి ఐదుపూటలా నమాజు చేసే మనిషి. జీడిపండ్ల సారా వాసన కూడా పడదు. అది కసిమీరుకూ తెలుసు. కానీ వేదిక పక్కన, ఆడవాళ్ళ వరసలో, పూలగౌను వేసుకున్న వాళ్ళమ్మ కూర్చుని ఉంది. చేతిలో చిన్న జెండా. రెండేళ్ళ నుంచి పైలట్ అని చెప్పుకుంటున్న కొడుకు ఎగరడం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. కసిమీరు ఆమెవైపు చూశాడు, జనంవైపు చూశాడు. తెలిసి కూడా తెలియనట్టు ఉండాలనుకున్నప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో, సరిగ్గా అలా ఉంది అతడి మొహం.

"నాకు ఇంకో అవకాశం రాదు తాతా" అన్నాడు మెల్లగా. తర్వాత గొంతు పెంచి, "నీ పని నువ్వు చూసుకో. గాలి కొట్టేవాడివి, నాకు నేర్పకు" అన్నాడు. పైకెక్కి అద్దం మూసుకున్నాడు.

పంఖా తిరిగింది. గడ్డి వెనక్కి పడుకుంది. వేదిక మీద కాగితాలు లేచాయి. చక్రాలకు అడ్డం పెట్టిన చెక్కలు తియ్యడం ఇంఫాలి పని. రెక్క కింద వంగి కుడిచెక్క తీశాడు. ఎడమవైపుకు పాకాడు. ఊపిరి అందడం లేదు, దుమ్ము నోట్లోకి పోతోంది. మడ అడవి బురదలోంచి తను పైకి లాగినవాడి చెయ్యి, తోలు ఊడి తన చేతిలోనే మిగిలిన సంగతి గుర్తొచ్చింది. ఈ కుర్రవాడి చెయ్యిని కూడా అలా పట్టుకోవాలా? ఛీ, ఎందుకొచ్చిన బతుకు! నడుముకున్న కత్తి తీశాడు. ఎడమచెక్క తియ్యలేదు. బూటుపాలిష్ మీద వేలు నడిపించి కుట్టు దొరకబుచ్చుకుని, మొదటి ముడి కోశాడు. రెండోది. మూడోది. మిగతా కుట్లు విమానం బరువుకు వాటంతట అవే పటపటా తెగాయి.

చక్రం నోరు తెరిచింది. పంఖా గాలికి లోపలి దూది ఒక్క ఉదుటున బయటికి లేచింది. పిడికెళ్ళకొద్దీ కూరినదంతా పాయలు పాయలుగా విడిపోయి, తోక మీదుగా, జనం మీదుగా, సరిగ్గా వేదిక మీదికి కొట్టుకుపోయింది. నల్లకోట్లు తెల్లబడ్డాయి. మెడల్స్‌కు దూది చిక్కుకుంది. పొరుగుదేశం పెద్దమనిషి నోరు తెరిచి నవ్వబోయి, దూది పోయి, ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. అధ్యక్షుడు రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. విమానం ఎడమవైపుకు మెల్లగా వంగి, రెక్క చివర నేలకు ఆనించి, కుంటిమేకలా నిలబడింది. బడిపిల్లలు జెండాలు పారేసి దూది పట్టుకోవడానికి పరుగులు తీశారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మిగ్‌లు మూలపడ్డాక ఇన్నేళ్ళ సైనిక దినోత్సవాల్లో ఆకాశంలోకి ఏదైనా ఎగిరిందంటే అదే.

ఇంజను ఆగింది. కసిమీరు దిగి, తెరుచుకున్న చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేళ్ళు లోపలికి పెట్టి ఇంకా మిగిలిన దూది బయటికి లాగాడు. లాగుతూనే ఉన్నాడు. ఇంఫాలిని అప్పటికే ఇద్దరు రెక్కలు పట్టుకుని ఈడ్చుకెళుతున్నారు. కుర్రవాడు తల ఎత్తి చూశాడు.

గేటు పక్కనే కాపలా గది. దాని వెనక ఊచల తలుపున్న కొట్టు, అందులో సిమెంటు బల్ల. కర్నల్ అక్కడికి వచ్చి అతడి చెంప మీద రెండు కొట్టాడు. కర్నల్ కనుబొమల్లో ఇంకా దూది ఉంది.

"దేశం పరువు తీశావు కదరా నీచుడా!"

"పరువుదేముందయ్యా, దూదే కదా. దులిపేసుకోండి" అన్నాడు ఇంఫాలి.

తలుపు అవతల నిలబడ్డ ఫోడే నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. కర్నల్ ఇంకోటి కొట్టబోయి, ఎందుకో ఆగి, రుమాలుతో చేయి తుడుచుకుని వెళ్ళిపోయాడు. బయట మైకులో ఎవరో చెబుతున్నారు, తాగుబోతు పనివాడి ద్రోహం వల్ల కార్యక్రమం ఆగిందని, దోషిని కఠినంగా శిక్షిస్తామని. తర్వాత డప్పులు మోగాయి.

ఫోడే కుండలో నీళ్ళు తెచ్చాడు. ఇంఫాలి సగం తాగి, సగం నెత్తిన పోసుకున్నాడు. రొమ్ములో కూతలు బయటికి వినపడుతున్నాయి.

"కోసేటప్పుడు భయం వెయ్యలేదా బావా?"

"కూరేటప్పుడు వెయ్యాల్సింది. అప్పుడు నవ్వాను." ఇంఫాలి బల్ల మీద కాళ్ళు చాపుకున్నాడు. "నీమాకు కబురుపెట్టు. డాబా మీద చేపలు ఎండేశాం. ఆమె బజారు నుంచి వచ్చేదాకా కాకులు మిగలనివ్వవు."

"నీ చేపలు కాకులు కూడా ముట్టవు, కంపు. కాసేపు పడుకో."

మధ్యాహ్నం ఎండ రేకుల మీద మండింది. ఫోడే బయట ఎత్తుపీట మీద కూర్చుని, అలవాటు ప్రకారం మధ్యమధ్య లోపలికి ఒక తిట్టు విసిరాడు. మొదట్లో జవాబులొచ్చాయి. ఒకసారి "గాడిదల కాపరీ, నన్ను నిద్రపోనివ్వు" అని వినపడింది. తర్వాతి తిట్టుకు జవాబు లేదు. దాని తర్వాతి దానికీ లేదు. ఫోడే లేచి ఊచల్లోంచి చూశాడు. ఇంఫాలి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పొద్దుటి నుంచి వినపడుతున్న పిల్లికూతలు ఆగిపోయాయి.

తాళం తీసి లోపలికెళ్ళి, ఫోడే అతడి పక్కన కూర్చున్నాడు. పరాచికాల చుట్టరికం ఉన్నవాడు చావు ఇంట్లో కూడా తిట్టాలి. ఏడ్చేవాళ్ళను నవ్వించాలి, పోయినవాణ్ణి లేవమని దెప్పాలి. అది చెయ్యకపోతే మర్యాద కాదు.

"లేవరా సోమరిపోతా," అన్నాడు ఫోడే. "పని ఎగ్గొట్టడానికి మీ వంశం ఎంతకైనా తెగిస్తుంది. అలసందల పొట్టా! మూడో మిగ్ చక్రం దిగిపోయింది, ఎవడు కొడతాడనుకున్నావు? నేను కొట్టను. నాకు రాదు. లేవరా..." ఆ మాట దగ్గర ఆగాడు. మళ్ళీ మొదలెట్టి, మళ్ళీ అక్కడే ఆగాడు.

కబురందుకుని నీమా చేపల కత్తి చేతిలోనే పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఆమె వెంట బజారు ఆడవాళ్ళంతా వచ్చారు, ఒక్కతె కూడా నోరెత్తలేదు. నీమా భర్త అరచేతిని తన చెంపకు ఆనించుకుని చాలాసేపు కూర్చుంది. వేళ్ళ సందుల్లో దూదిపోగులు ఇంకా ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి కొంగున ముడి వేసుకుంది. పొద్దు వాలకముందే ఖననం చెయ్యాలి కాబట్టి, నలుగురు మగవాళ్ళు చాపలో చుట్టి తీసుకెళ్ళారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని సామెత. కర్నల్ కూడా గేటు దగ్గరికి వచ్చి టోపీ తీసి, "మంచి పనివాడు, పాపం" అన్నాడు. ఫోడే ఆయన మొహం చూడకుండా గేటు తీశాడు. నీమా మాత్రం ఆగింది. ఆయన తెల్లచొక్కా మీద ఒక్క దూదిపోగు మిగిలి ఉంటే, దాన్ని వేళ్ళతో తీసి ఆయన అరచేతిలో పెట్టి, తన దారిన తాను వెళ్ళింది.

పొద్దు వాలుతుండగా కసిమీరు వచ్చాడు. సైనిక దుస్తులు లేవు, మామూలు చొక్కా. బూట్లు కూడా లేవు, రబ్బరు చెప్పులు. చెమటతో తడిసిపోయి ఉన్నాడు. చేతిలో పచ్చటాకు పొట్లం ఒకటుంది. క్షమించమని అడగడానికైనా, కృతజ్ఞత చెప్పడానికైనా పెద్దవాళ్ళ ముందు పెట్టవలసినవి కొరికి నమిలే చేదు కోలా గింజలు, అందులోనూ తెల్లవి. ఎర్రవి ఎక్కడైనా దొరుకుతాయి. తెల్లవాటి కోసం అతడు మధ్యాహ్నమంతా బజారు చివరి నుంచి చివరి దాకా, నది అవతలి సంత దాకా తిరిగాడు. ఇలాంటి మర్యాదలు అతడి ఇంట లేవు. ఎవరినో అడిగి తెలుసుకున్నట్టున్నాడు.

"తాతను ఒక్కసారి చూస్తాను" అన్నాడు.

ఫోడే లేచి నిలబడ్డాడు. అతడిని తిట్టాలనుకున్నాడు. పొద్దున ఇంఫాలిని అతడు 'గాలి కొట్టేవాడివి' అనడం ఫోడే చెవిన పడింది. కానీ ఆ చెప్పులకంటిన నది బురద చూశాక ఆ తిట్టు మింగేశాడు.

"ఆలస్యమైంది బాబూ" అన్నాడు. "సాయంకాలం అసర్ నమాజు కాగానే పూడ్చడానికి తీసుకెళ్ళిపోయారు."

కసిమీరుకు ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. తలుపు తీసే ఉంది. లోపలికి వెళ్ళాడు. సిమెంటు బల్ల మీద నీళ్ళు పోసుకున్న తడి అప్పటికే ఆరిపోయింది. రెండు చేతులతో పొట్లాన్ని బల్ల మీద పెట్టాడు, మోకాళ్ళు కొంచెం వంచి, పెద్దవాళ్ళ ముందు పెట్టినట్టే. తర్వాత వెనక్కి నడుస్తూ బయటికి వచ్చి, గేటు దాటి, విమానాలవైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

వాటిని ఎవరు తీసుకోవాలో ఫోడేకు తెలియలేదు. తీసుకునే చెయ్యి లేకుండా కోలా గింజలు పెట్టకూడదు, పెట్టాక వెనక్కి తీసుకోకూడదు. ఆకు మెల్లగా విచ్చుకుంది. లోపల తెల్లటి గింజలు, ఎవరూ కొరకనివి, ఇంకా తడిగా మెరుస్తున్నాయి.